కాటా చేతనున్నవాడే యజమాని



మన గ్రామములనుండి హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణములకు పోయి, మోటారు సైకిలుపై భోజనపు పొట్లములను, అంగడి సరకులను ఇంటింటికి చేర్చు యువకులు పెక్కుమంది కలరు. ఆ బండ్లు కొనుటకై అనేకులు అప్పు చేయుచున్నారు. కావున నిది పట్టణవాసుల విషయమని మన ముపేక్షింపరాదు.

పూర్వము కార్ఖానా యజమాని యంత్రములను తానే కొని, పనివారి పేళ్లు పట్టీలో వ్రాసికొని జీతమిచ్చెడివాడు. పనిలేని గంటకు నష్టమాతనిదే. నేటి యాప్ కంపెనీ పద్ధతి వేఱు. బండియు, పెట్రోలును, మరమ్మతును, అప్పు వాయిదాయు పనివానివే. ఆర్డరు కొఱకు వీథిలో వేచియున్న గంటకు సాధారణముగా కూలి లేదు. ఏ పని యెవనికో, దాని కెంత యియ్యవలయునో కంపెనీ యాప్ నిర్ణయించును. రేటింగు తగ్గినచో 'ఐడీ బ్లాక్' కావచ్చును. కారణమడుగబోయిన నెదుట మనుష్యుడుండుట యరుదు. అయినను కాగితముపై నీతడు నౌకరు కాడు, 'పార్ట్‌నరు'! పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఇది మనకు తెలియని సంగతియా? ధాన్యము రైతుది, బండి రైతుది. కాటాయు, ధరయు, చిట్టాయు వర్తకునివి. అట్టి రైతు స్వతంత్రుడని యెవరందురు?

ఈ పనిలో మేలు లేదని నే ననను. సిఫారసు లేకయే పని దొరకును. పంట పోయిన యేట నా డబ్బుతో నిల్లు గడచును. నీతి ఆయోగు అంచనా ప్రకారము 2020-21లోనే యిట్టి గిగ్ పనివారు దేశమున 77 లక్షలు. ఇందఱికి ఆధారమైన పనిని నిందించుట తగదు. దాని షరతులను సరిదిద్దుట కర్తవ్యము.

2021 ఫిబ్రవరి 19న బ్రిటను సుప్రీంకోర్టు, ఊబరు డ్రైవర్లు కనీస వేతనమునకు, జీతముతోడి సెలవునకు అర్హులనియు, యాప్ తెఱచి పనికి సిద్ధముగా నున్న కాలము పనికాలమే యనియు తీర్పు చెప్పెను. మన 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. అందు కంపెనీలు తమ వార్షిక వ్యాపారములో నూటికి 1 మొదలు 2 వంతులు పనివారి భద్రతా నిధికి చెల్లింపవలయునని యున్నది. ఇది మంచిదే, కాని కాటా చేయి మాఱలేదు.

కాటా చేయి మార్చు విద్య సహకారోద్యమమునకు తెలియును. 1946లో ఖేడా జిల్లా పాల రైతులు సంఘముగా నేర్పడి తమ పాలను తామే యమ్ముకొనిరి. 2025లో 'భారత్ టాక్సీ' యను యాప్ కొఱకు బహుళరాష్ట్ర సహకార సంఘము రిజిష్టరైనది. అమూల్, ఇఫ్కోల వంటి సంస్థలు దానికి పూనుకొన్నవి. అది యెంతవఱకు నెగ్గునో కాలము తేల్చును. మార్గము మాత్రము సరియైనది. వాటాయు, వోటును గలవాడే నిజమైన భాగస్వామి.

ఎకరమునకైన ఖర్చు వ్రాసికొనుడని పొలములలో మీకు చెప్పుట నా వృత్తి. మీ కుమారులకును అదే చెప్పుడు. బండి కొనకముందే పెట్రోలు, మరమ్మతు, వాయిదా తీసివేసి, వేచియున్న గంటలను గూడ కలిపి, గంటకెంత మిగులునో లెక్క చూడుడు. అది పొలము కూలికన్న తక్కువైనచో, 'పార్ట్‌నరు' అను పేరునకై అప్పు చేయకుడు.