కప్పల కుంటలకు చట్టంలో చోటేదీ?

వానలు మొహం చాటేస్తే కప్పలకు పెళ్లి చేసి ఊరేగించడం సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న పల్లెల్లో కొత్తేం కాదు. తీరా వాన పడ్డాక ఆ కప్ప గుడ్లు పెట్టుకోవడానికి కుంట మిగిలిందా అన్నది మాత్రం ఎవరికీ పట్టడం లేదు.

బెంగళూరు శివార్లలోని రాజానుకుంటె దగ్గర బీడు నేలలో దొరికిన కప్పను కొత్త జాతిగా 2020లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. దానికి బెంగళూరు పేరే పెట్టారు. ఈ రకం కప్పలు వెనక కాళ్లకున్న పారలాంటి బుడిపెలతో నేల తవ్వుకుని, ఎండాకాలమంతా మట్టిలో దాక్కుంటాయి. తొలకరికి బయటికొచ్చి వాననీటి గుంటల్లో గుడ్లు పెడతాయి. నీరు ఇంకేలోగా పిల్లలు కాళ్లు తెచ్చుకుని గట్టెక్కాలి. పనికిరాని బీడని లేఅవుట్లకు రాసిచ్చేస్తున్న నేలే వాటికి ఇల్లు. రాజానుకుంటె పేరులో కుంట ఉంది. రేపు పేరులో తప్ప ఎక్కడా లేకుండా పోతే?

ఉభయచరాల్లో దాదాపు 41 శాతం జాతులకు అంతరించే ముప్పుందని 2023లో వెలువడిన ప్రపంచస్థాయి అధ్యయనం తేల్చింది. పక్షులకు గానీ పాలిచ్చే జంతువులకు గానీ ఇంత ముప్పు లేదు. కప్ప కాళ్ల ఎగుమతిని మన దేశం 1987లోనే నిషేధించింది. పురుగుల్ని తినే కప్ప రైతుకు నేస్తమని అప్పుడే గుర్తించారు. కప్పను పట్టేవాణ్ణి ఆపిన ప్రభుత్వం, కుంటను పూడ్చే జేసీబీని మాత్రం ఆపలేకపోతోంది. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలు వరి మళ్లను, తాగునీటికి, సాగుకు తవ్విన చెరువులను ఆ నిర్వచనం నుంచే తప్పించాయి. చెరువులూ కుంటలే దిక్కైన కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాలకు ఇక ఆ నిబంధనలతో ఒరిగేదేముంది?

దారి లేకపోలేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో కమిటీ ఉండాలి, ప్రజల భాగస్వామ్యంతో జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. అందులో చెట్టూ చేమతోపాటు వానకు నిండే ప్రతి గుంటనూ సర్వే నంబరుతో సహా ఎక్కించాలి. లేఅవుటుకు అనుమతి ఇచ్చే ముందు అధికారులు ఆ పుట తిరగేయాలి. ఏ గుంట ముందు నిండుతుందో, ఏ గట్టున కప్పలు అరుస్తాయో బాగేపల్లి, ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లోని తాతలకూ అవ్వలకూ తెలుసు. రిజిస్టరు కన్నడంలో రాసినా సరే, వాళ్లను తెలుగులో అడిగి రాయండి. ఆ పెద్దలు ఉండగానే ఈ పని జరగాలి. ఊరివాళ్లు కూడా వచ్చే గ్రామసభలోనే ఈ మాట ఎత్తాలి.