వినేవాళ్లు ఉండగానే

తెలుగునాట ప్రజా రేడియో అంటే ఆకాశవాణి. దాని గురించి చదువుకున్నవాళ్లలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. రేడియో కాలం అయిపోయిందని, ఇంకా వినే నలుగురూ ముసలివాళ్లేనని, వాళ్లయినా చిన్ననాటి ముచ్చట కొద్దీ వింటున్నారని అంటారు. పాటలు, వార్తలు, వాతావరణం అన్నీ ఫోన్‌లో దొరుకుతుంటే ప్రజల డబ్బుతో ట్రాన్స్‌మీటర్లు నడపడం దండగ అంటారు. పాటలకైతే ప్రైవేటు ఎఫ్.ఎం. ఉంది కదా అంటారు. చివరగా, అది ప్రభుత్వ డప్పు తప్ప మరేమీ కాదని కొట్టిపారేస్తారు. ఈ నాలుగు మాటల్లో మొదటి మూడూ పరిశీలనకు నిలవవు. నాలుగోదాంట్లో నిజం ఉంది గానీ దాన్నుంచి తీస్తున్న ముగింపు తప్పు. శ్రోతకు ఆకాశవాణి రోజూ చేతికందే వాడుక వస్తువు. చదువు వచ్చా అని అడగదు, పేరు అడగదు, నెలనెలా రీచార్జి అడగదు. ఏమీ అడగకుండా ఇంట్లోకి వచ్చి పలకరించే ప్రజాసేవ ఈ దేశంలో మరొకటి లేదు.

ఈ సేవ ఎలా ఏర్పడిందో ముందు గుర్తుచేసుకోవాలి. దేశంలో పెద్ద ఎత్తున రేడియో ప్రసారం వ్యాపారంగానే మొదలైంది. ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1927 జులై 23న బొంబాయిలో, ఆ మరుసటి నెల కలకత్తాలో కేంద్రాలు తెరిచింది. మూడేళ్లు తిరక్కుండానే, 1930లో, నష్టాలతో చేతులెత్తేసింది. అప్పుడు ప్రభుత్వం దాన్ని తీసుకుంది. ఇప్పుడు ఆకాశవాణి అంటున్న ఆ సంస్థకు 1936లో ఆల్ ఇండియా రేడియో అన్న పేరు వచ్చింది. తెలుగు మాట 1938లో మొదలైన మద్రాసు కేంద్రం నుంచి వినిపించింది. హైదరాబాదులో నిజాం కాలపు దక్కన్ రేడియో 1950లో ఆల్ ఇండియా రేడియోలో కలిసింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న, కడప, విశాఖపట్నం కేంద్రాలు 1963లో వచ్చాయి. లాభం చూసుకునే కంపెనీ దింపేసిన భారాన్ని ప్రజాసంస్థ ఎత్తుకుంది కాబట్టే ఈ ఊళ్లకు రేడియో దక్కింది.

ఆ కేంద్రాల్లో పనిచేసినవాళ్లను చూస్తే ఆ సంస్థ తన పనిని ఎంత గౌరవంగా చూసుకుందో తెలుస్తుంది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, దేవులపల్లి కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు, స్థానం నరసింహారావు, దాశరథి రేడియో కొలువు చేసినవాళ్లే. విజయవాడ ‘భక్తిరంజని’తో తెల్లారిన ఇళ్లు కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో లెక్కలేనన్ని. ఉషశ్రీ ధర్మసందేహాలు చెబుతుంటే ఊరి అరుగుల మీద మాటలు ఆగేవి. చిలకమర్తి ‘గణపతి’ని పుస్తకంగా చదవనివాళ్లు కూడా నాటకంగా విని నవ్వుకున్నారు. హైదరాబాదులో న్యాయపతి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా రెండు తరాల పిల్లలను మైకు ముందు నిలబెట్టారు.

ఈ పేర్లు వినగానే మొదటి వాదన లేచి నిలబడుతుంది: ఇదంతా గడిచిన వైభవం, శ్రోతల అభిమానం పాత జ్ఞాపకమే అని. పట్టణాల్లో ఆదివారం అనుబంధాల కోసం రేడియో గురించి రాసేవాళ్ల విషయంలో అది నిజం కావచ్చు. రోజూ వినేవాళ్ల విషయంలో కాదు. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో గుంట మగ్గం మీద కూర్చున్న నేతపనివాడిని గమనిస్తే తేడా తెలుస్తుంది. రెండు పాదాలూ గుంటలో తొక్కుడు కర్రల మీద ఉంటాయి. ఒక చెయ్యి నాడె తాడు లాగుతుంది, రెండో చెయ్యి పేకను దగ్గరికి కొడుతుంది. చూపు పడుగు మీద నుంచి కదలకూడదు, ఒక్క పోగు తెగినా చూడకపోతే గుడ్డలో గీత పడుతుంది. కాళ్లు, చేతులు, కళ్లు అన్నీ పనిలో ఉండగా ఖాళీగా ఉన్నవి చెవులు మాత్రమే. గోడ మేకుకు వేలాడే రేడియో ఆ చెవులకు పది గంటల తోడు. తెర ఉన్న ఏ వస్తువూ ఆ పని చేయలేదు, తెర చూడమంటుంది కాబట్టి. బీడీలు చుట్టే చేతులకు, పొయ్యి దగ్గర గరిటె తిప్పే చేతులకు, చూపు లేనివాళ్లకు కూడా ఇదే లెక్క.

ఇలాంటి ఇళ్లలో రేడియో గడియారం పని కూడా చేస్తుంది. ప్రాంతీయ వార్తలు అయ్యాయంటే పిల్లలు స్నానాలకు లేవాలి, జాతీయ వార్తలు మొదలయ్యాయంటే పొలానికి బయల్దేరాలి. సెల్లులు బలహీనపడి గొంతు సన్నగిల్లితే వాటిని తీసి ఎండలో పెట్టి, మళ్లీ వేసి ఇంకో రెండు రోజులు లాగించడం ఊళ్లలో అందరికీ తెలిసిన చిట్కా. పాత ముచ్చట కోసం ఎవరూ సెల్లులు ఎండబెట్టుకోరు. ఆ రోజు వార్తలు ఆ రోజే కావాలి కాబట్టి ఎండబెడతారు.

శ్రోతకు, కేంద్రానికి మధ్య నడిచిన ఉత్తరాల సంగతీ ఇంతే. కోరిన పాటల కార్యక్రమంలో పాటకు ముందు పేర్లు, ఊళ్లు చదువుతారు. ఏ పత్రికలోనూ ఎప్పుడూ అచ్చు కాని ఊరి పేరు, బస్సు బోర్డు మీద కూడా లేని ఊరి పేరు, అలా జిల్లా అంతా వినపడుతుంది. పోస్టుకార్డు రాసినవాడు పాట కోసం రాసినట్టు కనిపిస్తాడు. నిజానికి అతను తన ఊరు ఉందని చెప్పుకుంటున్నాడు. దాన్ని ఒక ప్రజాసంస్థ పైకి చదివి ఒప్పుకుంటోంది. ఈ ఒప్పుకోలు విలువ తెలియనివాళ్లకే అది కాలక్షేపంలా కనిపిస్తుంది.

రెండో వాదన ఫోన్ గురించి. అన్నీ ఫోన్‌లో దొరుకుతాయన్న మాట నిజమే, వెతకడం వచ్చినవాళ్లకు. ఫోన్ ముందు ఏం కావాలో అడుగుతుంది. ఆ తరువాత అడిగినదాని లాంటిదే మళ్లీ మళ్లీ ఇస్తుంది. రేడియో ముల్లు ఒకచోట పెట్టి వదిలేసినవాడికి సినిమా పాట వెనక అన్నమయ్య కీర్తన, దాని వెనక వరిలో దోమపోటు సంగతి, ఆ వెనక ఏదో కథానిక చెవిన పడతాయి. అడగాలని తెలియనిది కూడా అందుతుంది. 1960ల్లో తంజావూరు ప్రాంతంలో ఎ.డి.టి.-27 అనే వంగడం రేడియో ప్రచారంతోనే పాకి, రైతుల నోట ‘రేడియో వరి’ అని పేరు తెచ్చుకుంది. ఆ రైతులెవరూ ఆ వంగడం కోసం వెతకలేదు, వింటుంటే తెలిసింది. తెలుగు రైతుకు ‘పాడిపంటలు’ కార్యక్రమం చేసిన మేలూ ఆ తీరుదే.

సాంకేతికంగా కూడా ఫోన్, రేడియో ఒకటి కావు. ఫోన్ వల మనిషి మనిషికీ విడిగా దారి ఇవ్వాలి. ఒకేసారి లక్ష మంది అడిగితే దారులు మూసుకుపోతాయి. రేడియో ట్రాన్స్‌మీటరుకు ఒకడు విన్నా లక్ష మంది విన్నా ఖర్చు ఒకటే, బరువు ఒకటే. మీడియం వేవ్ తరంగం నేలను అంటిపెట్టుకుని వందల కిలోమీటర్లు పోతుంది. ఉప్పునీటి మీద ఇంకా దూరం సాగుతుంది. ఎఫ్.ఎం. తరంగం దాదాపు చూపు మేరే వెళుతుంది. విజయవాడ మీడియం వేవ్ 837 కిలోహెర్ట్జ్ అని కోస్తా శ్రోతలకు కంఠతా వచ్చింది ఆ దూరం వల్లే. వేటకు వెళ్లిన పడవకు తీరం కనుమరుగైన కాసేపటికి ఫోన్ సిగ్నల్ పోతుంది, మీడియం వేవ్ పోదు. సముద్రంలోకి వెళ్లవద్దన్న హెచ్చరిక, లోపల ఉన్నవాళ్లు తిరిగి రావాలన్న హెచ్చరిక, పడవలో చిన్న రేడియో ఉన్నవాడికి ఆ తరంగం మీదే చేరుతూ వచ్చాయి.

తుపాను తీరంలో ఈ తేడా ప్రాణాలతో ముడిపడినది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు అధికార లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది పోయారు. 1990 మేలో దాదాపు అంతే బలమైన తుపాను అదే కోస్తాను తాకినప్పుడు మృతులు వెయ్యి లోపు. ముందస్తు అంచనాలు మెరుగుపడ్డాయి, ఆరు లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. ఆ ఘనత ఒక్క రేడియోదే అనడం సరికాదు. అయితే సెల్‌ఫోన్లు లేని ఆ రోజుల్లో వాతావరణ శాఖ హెచ్చరికను ఒకే గంటలో తీరమంతటా వినిపించగల సాధనం రేడియోనే. ఫోన్లు వచ్చాక ఆ అవసరం తీరిందా అంటే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటూ పోయింది, సెల్ టవర్లూ మూగబోయాయి. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాలు ఒక్కసారిగా చీకటైపోతే, అక్కడి జనం సెల్లుల రేడియోల కోసం దుకాణాలకు పరుగెత్తారు, వీధుల్లో ఒక్కో రేడియో చుట్టూ గుమిగూడి విన్నారు. సంపన్న దేశాల్లోనే అలా ఉంటే, రెండు మూడేళ్లకోసారి తుపాను చూసే కోస్తా రేడియో అక్కర్లేదనుకోవడం తెలివైన పని కాదు.

మూడో వాదన ప్రైవేటు ఎఫ్.ఎం. గురించి. దేశంలో 2001లో మొదలైన ఆ స్టేషన్లు పట్టణాల్లో పుట్టి పట్టణాల్లోనే తిరుగుతున్నాయి. సొంతంగా వార్తలు చెప్పే అనుమతి వాటికి లేదు, ఆకాశవాణి వార్తలను తిరిగి వినిపించడానికే వీలుంది. ప్రకటనలు రాని చోటికి అవి పోవు, ప్రకటనలు తేని కార్యక్రమం చేయవు. అది వాటి తప్పు కాదు, వ్యాపార ధర్మం. గోగు చేనులో పురుగు గురించి, హరికథ గురించి, రేడియో నాటకం గురించి ఆ ధర్మం పట్టించుకోదు. ఆకాశవాణి దేశంలో 23 భాషల్లో, 179 మాండలికాల్లో మాట్లాడుతోంది. ఆ మాండలికాల్లో చాలావాటికి ప్రకటనదారు ఎప్పటికీ రాడు. 1930లో కంపెనీ మూతపడి చెప్పిన పాఠం ఇదే.

నాలుగో వాదనను తేలిగ్గా తీసేయకూడదు. ఆకాశవాణి ప్రభుత్వాల మాటకు లొంగింది, ఇప్పటికీ లొంగుతోంది. 1975 జూన్ 26 ఉదయం ఎమర్జెన్సీ సంగతి దేశం విన్నది ఆ మైకులోనే. ఆ పైన 21 నెలల పాటు అదే మైకు ప్రతిపక్షం గొంతును జనానికి వినపడనీయలేదు. దీనికి మందు ఏమిటో అప్పుడే ఆలోచించారు. బి.జి. వర్గీస్ కమిటీ 1978లో ప్రభుత్వ చేతికి దూరంగా స్వతంత్ర సంస్థ కావాలంది. 1990లో ప్రసార భారతి చట్టం వచ్చింది, అమలు కావడానికి 1997 దాకా పట్టింది. మధ్యలో 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ప్రభుత్వానికి గానీ కంపెనీలకు గానీ అవి సొంతం కావని ఆ తీర్పు సారాంశం. ఆకాశవాణి స్వతంత్రంగా లేదన్నది న్యాయమైన ఫిర్యాదు, స్వాతంత్ర్యం ఇవ్వమనడం దానికి తగిన జవాబు. మూసేయమనడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. అలా మూసేస్తే డప్పు కొట్టేవాళ్లకు నష్టం లేదు, వాళ్లకు వేరే వేదికలు బోలెడు. నష్టపోయేది మగ్గం దగ్గర కూర్చున్న శ్రోత.

ఇక వినేవాళ్లు తగ్గారన్న లెక్క. తగ్గుదల నిజమే, అది దానంతటది వచ్చినది మాత్రం కాదు. స్థానిక కార్యక్రమాలు కుదించి ఎక్కడో తయారైనవి రిలే చేస్తే ప్రాంతపు శ్రోత దూరమవుతాడు. మీడియం వేవ్ బలం తగ్గించి గరగర మిగిల్చితే స్టేషను పట్టదు. ఫోన్లలో రేడియో రిసీవరు లేకుండా అమ్మితే కొత్త తరానికి ముల్లు తిప్పే అవకాశమే ఉండదు. 2023లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖే ఫోన్లలో ఎఫ్.ఎం. ఉంచాలని తయారీదారులకు సూచించాల్సి వచ్చింది. 2018 చివర్లో ఆకాశవాణి జాతీయ చానల్‌ను, దానితోపాటు హైదరాబాదుతో సహా ఐదు నగరాల్లోని ప్రాంతీయ శిక్షణ అకాడమీలను మూసేయాలని నిర్ణయించారు. దారి మూసేసి, నడిచేవాళ్లు లేరని చెప్పడం లాంటిది ఇది.

మీడియం వేవ్ పోయినా ఎఫ్.ఎం. ఉంది కదా అనేవాళ్లకు ప్రభుత్వ లెక్కలే సమాధానం. 2023 జనవరిలో రూ. 2,539 కోట్లతో ప్రసార సౌకర్యాల పథకం ఆమోదించినప్పుడు, ఆకాశవాణి ఎఫ్.ఎం. దేశ విస్తీర్ణంలో 59 శాతానికి, జనాభాలో 68 శాతానికి అందుతోందని చెప్పారు. పథకం పూర్తయితే 66 శాతం విస్తీర్ణానికి, 80 శాతం జనాభాకు అందాలి. అంటే అంతా అనుకున్నట్టు జరిగినా దేశంలో మూడో వంతు నేలకు, ప్రతి ఐదుగురిలో ఒకరికి ఎఫ్.ఎం. చేరదు. మీడియం వేవ్ కలుపుకుంటే ఆకాశవాణి అందుబాటు జనాభాలో 99 శాతం దాటిందని అదే సంస్థ ఏళ్ల తరబడి చెప్పుకుంటూ వచ్చింది. ఈ రెండు అంకెల మధ్య తేడాలో ఉన్నది కొండ గూడేలు, తీరపు పల్లెలు, రోడ్డు చివరి ఊళ్లు. యాప్‌లో కూడా ఆకాశవాణి వినవచ్చు, అది మంచిదే. పరదేశంలో ఉన్న తెలుగువాడు విజయవాడ వినగలిగేది దానివల్లే. అది ఉన్నదానికి తోడు కావాలి తప్ప ఉన్నదాన్ని తీసేయడానికి సాకు కాకూడదు.

చేయవలసినవి కష్టమైనవేమీ కావు. ఎఫ్.ఎం. పూర్తిగా చేరేదాకా తీర ప్రాంతాల్లో, కొండ ప్రాంతాల్లో మీడియం వేవ్‌ను పూర్తి బలంతో నడపాలి. ప్రాంతీయ కేంద్రాలకు సొంత కార్యక్రమాల గంటలు తిరిగి ఇవ్వాలి, రోజుకూలీ తీరున పిలిచే అనౌన్సర్లకు బదులు పని నేర్చిన ఉద్యోగులను నియమించాలి. 1990 చట్టం మాటిచ్చిన స్వాతంత్ర్యాన్ని వార్తల గది దాకా తీసుకెళ్లాలి. ఆకాశవాణి శ్రోత ఇన్నేళ్లుగా కోరుతున్నది ఇంతే. ముల్లు పెట్టిన చోట స్టేషను ఉండాలి, అందులో తన ప్రాంతపు గొంతు పలకాలి, ఆ గొంతు నిజం చెప్పాలి.