కాలిపోకముందే ఆయిల్ చూడండి

ఏప్రిల్, మే నెలల్లో పత్రికల జిల్లా పేజీలు తిరగేస్తే ఒక ఫొటో తప్పకుండా కనిపిస్తుంది. ట్రాక్టర్ ట్రాలీలో జిడ్డు కారుతున్న ట్రాన్స్‌ఫార్మర్, చుట్టూ దిగులుగా నిలబడ్డ రైతులు. బోర్ల కింద చీనీ తోటలు వాడిపోతుంటే తలా కొంత వేసుకుని దాన్ని రిపేరు షెడ్డుకు తోలుకుపోతున్నారని కింద రాసి ఉంటుంది. కారణం మాత్రం ఒక్క ముక్కలో తేల్చేస్తారు: ఓవర్‌లోడ్. విద్యుత్ శాఖలో మీటర్లు, రిలేలు పరీక్షించే ఎంఆర్‌టీ విభాగంలో ఆయిల్ పరీక్షలు చేస్తూ ఉద్యోగంలో ఎక్కువ కాలం గడిపి రిటైరైనవాణ్ని. ఆ ఒక్క ముక్కతో నాకు పేచీ ఉంది. లోడు ఎక్కువైన మాట నిజమే. అయితే లోడు తట్టుకోలేని స్థితికి ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క రోజులో దిగజారదు. లోపల ఏం జరుగుతోందో దాని ఆయిల్‌లో చాలా ముందే తెలుస్తుంది. చూసేవాళ్లే లేరు.

పైకి ఇనుప ట్యాంకు. లోపల ఇనుప కోరు, దానిమీద కాగితం చుట్టిన తీగ కాయిళ్లు, అవన్నీ మునిగేలా ఆయిల్. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌లో వంద లీటర్లకు పైనే పడుతుంది. ఆ ఆయిల్ చేసే పనులు రెండు. 11 వేల వోల్టుల కాయిల్ నుంచి పక్క కాయిల్‌కో, ట్యాంకుకో కరెంటు దూకకుండా అడ్డం ఉండాలి. కాయిళ్లలో పుట్టే వేడిని రేడియేటర్ గొట్టాల్లోకి తీసుకుపోయి గాలికి వదలాలి. తేమ, దుమ్ము చేరితే మొదటి పని దెబ్బతింటుంది. ఆయిల్ పాతబడి ఆమ్లత్వం పెరిగితే అడుగున, కాయిళ్ల సందుల్లో మడ్డి పేరుకుంటుంది. ఇక ఆయిల్ తిరగాల్సినట్టు తిరగదు. వేడి లోపలే నిలిచిపోతుంది. ఆ వేడికి కాగితం పెళుసెక్కుతుంది. ఆరు డిగ్రీలు అదనంగా వేడెక్కితే కాగితం ఆయుష్షు సగానికి పడిపోతుందని ఇంజనీర్ల లెక్క. ఆ స్థితిలో ఉన్నప్పుడు గాలికి తీగలు రాసుకున్నా, ఎవరి మోటారు కేబులో షార్టయినా ఆ దెబ్బకు కాయిల్ కదులుతుంది, పెళుసు కాగితం చిట్లుతుంది, కథ ముగుస్తుంది. ఆయిల్ పాడైతే వడగట్టుకోవచ్చు, మార్చుకోవచ్చు. కాగితం పోతే మాత్రం కాయిల్ విప్పి మళ్లీ చుట్టాల్సిందే.

పరీక్ష పెద్ద విద్య కాదు. లైన్ క్లియర్ తీసుకుని, ఎర్త్ చేసుకుని, ట్యాంకు అడుగు వాల్వు దగ్గర శాంపిల్ పట్టాలి. నీరు బరువు కాబట్టి అడుగుకే చేరుతుంది. అందుకే పైనుంచి పట్టిన శాంపిల్‌ను నేను నమ్మను. వాల్వు ముక్కును పొడి గుడ్డతో తుడిచి, మొదట వచ్చే ఆయిల్‌ను వేరే డబ్బాలోకి వదిలేయాలి. అదే ఆయిల్‌తో సీసాను కడిగి పారబోసి, తర్వాత నింపుకోవాలి. వాన పడుతున్నా, మంచు కురుస్తున్నా ఆ పూట శాంపిల్ ముట్టుకోకూడదు. ల్యాబులో ఆ ఆయిల్‌ను పరీక్ష కప్పులో పోస్తాం. కప్పులో ఎదురెదురుగా రెండు ఎలక్ట్రోడ్లు, మధ్య ఎడం రెండున్నర మిల్లీమీటర్లు. బుడగలు తేరేదాకా ఆగి, సెకనుకు 2 వేల వోల్టుల చొప్పున పెంచుకుంటూ పోవాలి. ఒకచోట టప్‌మని నిప్పురవ్వ దూకుతుంది. ఆ అంకె రాసుకోవాలి. అలా ఆరుసార్లు చేసి సగటు తీస్తే అదే బ్రేక్‌డౌన్ వోల్టేజీ, మా భాషలో బీడీవీ. వడగట్టిన కొత్త ఆయిల్ 60 కేవీ, అంటే 60 వేల వోల్టుల దాకా తట్టుకోవాలి. వాడకంలో ఉన్న 11 కేవీ ట్రాన్స్‌ఫార్మర్‌లోది 30కి తగ్గకూడదని భారతీయ ప్రమాణం. పన్నెండుకే రవ్వ దూకిన శాంపిళ్లను నా చేతులతో పరీక్షించాను. అప్పటికి ఆ ట్రాన్స్‌ఫార్మర్లు ఊళ్లలో పనిచేస్తూనే ఉన్నాయి, వాటి కింద మోటార్లు నీళ్లు పోస్తూనే ఉన్నాయి.

పెద్ద సబ్‌స్టేషన్లలో పవర్ ట్రాన్స్‌ఫార్మర్లకు ఈ లోటు లేదు. వాటి ఆయిల్‌లో కరిగిన వాయువులను కూడా వేరుచేసి కొలుస్తారు. హైడ్రోజన్ పెరిగితే లోపల ఎక్కడో చిన్నగా విద్యుత్ చిమ్ముతోందని, ఎసిటిలీన్ కనిపిస్తే ఆర్కింగ్ జరుగుతోందని, ఇథిలీన్ ఎక్కువైతే ఏదో జాయింటు బాగా కాగుతోందని, కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతూ పోతే కాగితమే మాడుతోందని అంచనాకు వస్తారు. పది లక్షల పాళ్లలో ఒకటి రెండు పాళ్లు ఎసిటిలీన్ కొత్తగా కనిపించినా ఇంజనీరు నిద్రపోడు. 1921లో జర్మనీలో బుక్‌హోల్జ్ కనిపెట్టిన రిలే కూడా వీటికి కాపలా ఉంటుంది. ఆయిల్‌లో పుట్టిన గ్యాసు పైకి చేరితే అలారం మోగిస్తుంది, ప్రమాదం ముదిరితే ట్రిప్ చేస్తుంది. రైల్వే డీజిల్ షెడ్లలోనూ ఈ క్రమశిక్షణ చూశాను. ఇంజను ఆయిల్‌లో రాగి, సీసం పెరిగాయంటే బేరింగు అరుగుతోందని, సిలికాన్ పెరిగిందంటే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము పోతోందని ల్యాబు ముందే చెప్పేస్తుంది. ఇంజను విప్పాలో వద్దో ఆ రిపోర్టు చూసి నిర్ణయిస్తారు. పొలం గట్టున దిమ్మె మీదున్న ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ రిలే లేదు, ఆ ల్యాబు లేదు. బీడీవీ ఒక్కటైనా చేయించమని నేనంటున్నాను.

దాని మీద పడే బరువు మామూలుది కాదు. కరెంటు రాగానే ఆటో స్టార్టర్ ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలుపెట్టేముందు ఆటో స్టార్టర్లు తీసేయండని ఊరూరా ప్రచారం చేసింది ఇందుకు కూడా. ఆ బరువును కొంత తగ్గించే కెపాసిటర్ పెట్టుకున్న మోటారు పదింటిలో ఒకటి కనిపిస్తే గొప్ప. ఈ బరువుతో పుట్టే వేడికి తోడు పైన బుషింగ్ గాస్కెట్ ఎండి ఆయిల్ కారుతూ ఉంటుంది. లెవెల్ తగ్గి కాయిల్ పైభాగం గాలికి తేలిందంటే అది ఎన్నాళ్లో నిలవదు. బ్రీదర్ ఉన్నచోట దానిలోని సిలికా జెల్ నీలం పోయి గులాబీ రంగుకు తిరిగి ఉంటుంది. అంటే లోపలికి పోయే గాలిలో తేమను పట్టే శక్తి దానికి ఇక లేదని. రోడ్డు మీద నిలబడి చూస్తే తెలిసే సంగతి ఇది.

రిపేరు షెడ్ల దగ్గర నన్ను ఎక్కువ బాధపెట్టిన విషయం వేరే ఉంది. కాయిల్ కొత్తది చుట్టి, అదే పాత ఆయిల్ సరిగా వడగట్టకుండా పోసి పంపిన ట్రాన్స్‌ఫార్మర్లు నేను చూశాను. అది మళ్లీ కాలుతుంది. రైతు మళ్లీ ట్రాక్టర్ కట్టాలి. పల్లెల్లో కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో మార్చాలని విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణం ఉంది, మంచిదే. మార్చి పెట్టిన దానిలో ఎలాంటి ఆయిల్ ఉందో కూడా రైతుకు తెలియాలి కదా! షెడ్డు గేటు దాటే ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాంకు మీద ఆయిల్ బీడీవీ ఎంతో, పరీక్ష తేదీ ఏదో పెయింటుతో రాయాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు.

ట్రాన్స్‌ఫార్మర్లు లక్షల్లో ఉన్నాయి, సిబ్బంది లేరు, అన్నింటికీ పరీక్షలు ఎక్కడ చేస్తాం అని అధికారులు అంటారు. సిబ్బంది కొరత నిజం, ఆ కష్టం నేను పడ్డాను. ఆయిల్ దొంగల భయానికి డ్రెయిన్ వాల్వును వెల్డింగ్ చేసేసిన చోట్లున్నాయి, అక్కడ శాంపిల్ పట్టడమే గగనం. అందుకే అన్నింటినీ ఒకేసారి చేయమనడం లేదు. గత రెండేళ్లలో ఒకసారి కాలినవి, ఆయిల్ కారుతున్నవి, వేసవిలో లోడు మీదున్నవి ఏవో ప్రతి సెక్షన్‌లో లైన్‌మ్యాన్‌కు నోటికి వచ్చు. ముందు ఆ జాబితా రాసి, ఫిబ్రవరిలోగా వాటివరకు పరీక్ష ముగించాలి. 30కి తగ్గినవాటికి ఫిల్టర్ మిషన్ పంపాలి. వాక్యూమ్‌లో వేడిచేసి తేమ లాగేస్తే చాలా ఆయిల్ మళ్లీ పనికొస్తుంది. మడ్డి కట్టి ఆమ్లత్వం ముదిరినదైతే మార్చేయాలి. ఫిల్టర్ మిషన్ ఒక ఊరికి పోయి వచ్చే ఖర్చునూ, కాలిన కాయిల్ చుట్టించే ఖర్చునూ పక్కపక్కన పెట్టి చూడమని ఆ శాఖ పెద్దలను కోరుతున్నాను.

రైతు సోదరులకు ఒక మాట. ఏబీ స్విచ్ దించేసి మీరే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కవద్దు, వాల్వు తిప్పవద్దు. అలా ఎక్కి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. కింద నిలబడి చూడగలిగినవి చూడండి: ట్యాంకు మీద తడి జిడ్డు ఉందా, గేజిలో ఆయిల్ గుర్తు దాకా ఉందా, బ్రీదర్‌లో జెల్ రంగు మారిందా. వీటిలో ఏ తేడా కనిపించినా లైన్‌మ్యాన్‌కు చెప్పి ఊరుకోకండి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటార్లున్న రైతులంతా సంతకాలు పెట్టి, మా ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌కు బీడీవీ పరీక్ష చేయించి ఫలితం రాతపూర్వకంగా ఇవ్వండని సెక్షన్ ఏఈ గారికి దరఖాస్తు ఇవ్వండి. అందినట్టు దాని నకలు మీద సంతకం తీసుకోండి. ఈ వేసవి రాకముందే ఇవ్వండి.