ఖంభాకి మజ్‌హబ్ ఏంటి?

తెలుగులోంచి ఉర్దూ మాటలు ఏరి పారేస్తే భాష సాఫ్ అవుతుందని ఒక జమాత్ అంటుంది. దీన్ గురించి తెలుగులో మాట్లాడితే దీన్ పలచబడుతుందని మనలోనే ఇంకో జమాత్ అంటుంది. ఈ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. చెప్పే మాట మాత్రం ఒకటే: ముసల్మానుకీ తెలుగుకీ రిష్తా లేదు.

ఇద్దరికీ ఒకే ఒక్క సామాను చూపిస్తాను. ఇంట్లో నిలువుగా నిలబడి కప్పును మోసేది. దాని పేర్లు విప్పి చూద్దాం. ఏది ఎవరి జాగీరో వాళ్లే తేల్చాలి.

మన ఇళ్లల్లో ఖంభా అంటాం. కరెంటు ఖంభా, మస్జిద్ ఖంభా. నేను డెస్కులో పని చేసే రోజుల్లో ఒక సీనియర్ నా కాపీలో ఈ మాటను ఎర్ర పెన్నుతో కొట్టేసి, "ఇది తురక మాట, స్తంభం అని రాయి" అన్నాడు. ఖంభా అరబ్బీ కాదు, ఫార్సీ కాదు. సంస్కృతంలో స్తంభం పక్కనే స్కంభం అనే మాట ఉంది. అథర్వవేదంలో దాని మీద ఒక సూక్తమే ఉంది. అది ప్రాకృతంలో ఖంభ అయింది, హిందీ ఉర్దూల్లో ఖంభా అయింది. తెలుగులో కంబం. బడిలో ప్రకృతి వికృతులు బట్టీ పట్టిన ఎవరినైనా అడగండి, స్తంభానికి వికృతి ఏంటంటే కంబం అని టక్కున చెబుతారు. అంటే మన ఖంభా, వాళ్ల కంబం ఒకే ఖాన్‌దాన్. నానీమా నోట్లో అది ఖంభా, పక్కింటి అవ్వ నోట్లో కంబం. ఎర్ర పెన్ను పడింది వేదంలో ఉన్న మాట మనవరాలి మీద.

ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ బస్తీలో ఒక మక్బరా ఉంది. అక్బర్ బాద్షాకు పాలసోదరుడైన మీర్జా అజీజ్ కోకాది. 1620ల్లో పాలరాతితో కట్టారు. అరవై నాలుగు స్తంభాలు కాబట్టి దాని పేరు చౌసఠ్ ఖంభా. మొఘల్ అమీరు సమాధి పేరులో రెండు మాటలుంటే రెండూ ఈ నేల మాటలే. అప్పుడు ఎవరి ఈమానూ కదల్లేదు.

"సరే, ఖంభా మాదే. సుతూన్ సంగతేంటి? అది ఫార్సీ కదా" అంటారు. అవును, ఫార్సీయే. పత్రికల్ని తెలుగులో ప్రజాస్వామ్యానికి నాలుగో స్తంభం అంటాం, ఉర్దూ అఖ్బారుల్లో జమ్హూరియత్ కా చౌథా సుతూన్ అంటారు. ఈ సుతూన్ పాత రూపం స్తూనా. ఇరాన్‌లో అవెస్తా భాషలో ఉంది, పాత ఫార్సీ శిలాశాసనాల్లో ఉంది. సంస్కృతంలో దీని జోడు స్థూణ, అర్థం గుంజే. ఇస్లాం రాకకు వెయ్యేళ్లకు పైగా ముందే ఈ రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలు. సుతూన్ మీద కోపం చూపిస్తే స్థూణకి కూడా తగులుతుంది.

ఇక అసలు సవాల్. స్తంభం గాల్లో నిలబడదు, కింద పునాది కావాలి. ఈ పునాది ఎక్కడిది? ఫార్సీ బునియాద్. బున్ అంటే అడుగు. మన ఇంట్లో బునియాద్ అంటాం, ఊళ్లో పునాది అంటారు. ఉర్దూ మాటలు తీసెయ్యాలని సభలు పెట్టి, "తెలుగు జాతి పునాదులు కాపాడుకుందాం" అని మైకులో గట్టిగా చెప్పేవాళ్లను విన్నాను. ముందు ఆ పునాది తీసి చూపించండి భాయ్. తర్వాత మిగతా ఇంటి సంగతి మాట్లాడదాం.

ఇప్పుడు మనవాళ్ల దగ్గరికి వస్తాను, ఎందుకంటే నాకు వీళ్ల మీదే ఎక్కువ గుస్సా.

పిల్లలకు అర్కానె ఇస్లాం ఐదూ వేళ్ల మీద చెప్పిస్తాం. కలిమా, నమాజ్, రోజా, జకాత్, హజ్. అర్కాన్ అంటే ఏంటి బేటా అని అడిగితే నోరు తెరుస్తారు. "ఇస్లాం మూలస్తంభాలు" అని తెలుగులో చెబితే పెద్దాయన ఒకరు లేచి, స్తంభం గుడి మాట, ధ్వజస్తంభం గుర్తొస్తుంది అంటారు. మరి అరబ్బీలో చూద్దాం. అర్కాన్‌కి ఏకవచనం రుక్న్. దాని అర్థం మూల, బలమైన ఆసరా. కాబాకు యమన్ వైపున్న మూల రుక్నె యమానీ. ఎమ్మెల్యేని ఉర్దూ అఖ్బారు రుక్నె అసెంబ్లీ అంటుంది. గజల్ మిస్రా నిలబడే గణాలనూ అర్కాన్ అనే అంటారు. ఇన్ని చోట్ల తిరిగే మాట ఒక్క తెలుగు గడప దాటితేనే నాపాక్ అవుతుందా? ఇస్లాం ఐదింటి మీద కట్టబడిందని చెప్పే మషూర్ హదీసులో సుతూన్ అన్న మాట కూడా లేదు, ఐదు అన్న లెక్కే ఉంది. ఆ ఐదింటికి అర్కాన్ అని పేరు పెట్టింది తర్వాతి ఉలమా. వాళ్లు తమ జనానికి అర్థమయ్యే మాట వెతికారు. మనం వెతికితే గునాహ్ ఎలా అవుతుంది?

పైగా తెలుగులో మూల అంటే గోడలు కలిసే చోటు కూడా. అది అచ్చ తెలుగు మాట. రుక్న్‌కి ఇంతకంటే దగ్గరి మాట ఏ జబాన్‌లో దొరుకుతుంది?

మన పిల్లల పేర్లే చూడండి. ఇమాద్ అంటే ఆసరాగా నిలిచే స్తంభం, ఇమాదుద్దీన్ అంటే దీన్‌కి ఆసరా. హైదరాబాద్‌లో సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ ఖితాబ్ ఇమాదుల్ ముల్క్, రాజ్యానికి స్తంభం. ఉర్దూ మీడియం బళ్లో జామెట్రీ చదివినవాళ్లకు అమూద్ గుర్తుంటుంది, తెలుగు మీడియంలో దాన్నే లంబం అంటారు. అమూద్, ఇమాద్ ఒకే మూలం నుంచి వచ్చినవి. చార్మినార్ 1591 నుంచి మన కళ్ల ముందుంది. మినార్ అసలు అర్థం స్తంభం కూడా కాదు, వెలుగు ఉండే చోటు. నూర్, మునీర్, అన్వర్, మునవ్వర్ పుట్టిన మూలమే దానికీ. ఇంట్లో ఇద్దరు మునీర్లు, ఒక ఇమాద్ ఉంటారు. ఆ పేర్ల మాయినా తెలుగులో చెప్పేవాళ్లు మాత్రం ఉండరు.

ఈ రెండు జమాత్‌ల కొట్లాటలో నలిగేది ఎవరు? క్లాసులో "మీకు తెలుగు సరిగ్గా రాదు" అనిపించుకుని, దావత్‌లో "మీ ఉర్దూ ఖరాబ్" అనిపించుకుని, చివరికి రెండు చోట్లా నోరు మూసుకునే మన పిల్లలు. సగం ఉర్దూ, సగం తెలుగుతో వాళ్లు మాట్లాడేది లోపమని వాళ్లకు మనమే నేర్పాం.

ఇంకొక నష్టం కూడా ఉంది. గుంజ, రాట, నిట్రాట. గేదెను కట్టేసేది గుంజ. పెళ్లి పందిట్లో పాతేది రాట. పూరింట్లో కప్పు బరువు మోసే పొడవాటి గుంజ నిట్రాట. సంస్కృతం మోజువాళ్లు వీటిని స్తంభంతో కప్పేశారు, మనవాళ్లు ఇవి దేహాతీ మాటలని వదిలేశారు. ఆ ఇళ్లలో హిందువులున్నారు, ముసల్మానులున్నారు, దూదేకులవాళ్లున్నారు. వానాకాలం రాత్రి నిట్రాట ఊగితే అందరికీ ఒకటే భయం.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. పిల్లల్ని కూర్చోబెట్టి అర్కాన్ అని చెప్పండి, సుతూన్ అని చెప్పండి, స్తంభం అని చెప్పండి, గుంజ అని కూడా చెప్పండి. నమాజ్ ఎందుకు ఇంటికి నిట్రాట లాంటిదో తెలుగులో అడగనివ్వండి, తెలుగులోనే జవాబివ్వండి. రేపు ఎవరైనా ఎర్ర పెన్ను పట్టుకొస్తే ఖంభా ఎక్కడిదో, పునాది ఎక్కడిదో ఆ పిల్లలే చెబుతారు.