అటక మీది డ్రాఫ్టర్

ఇంజనీరింగ్ మొదటి ఏడాది దాటాక చాలామంది పిల్లలకి డ్రాఫ్టర్‌తో పని ఉండదు. అది అటకెక్కుతుంది. అదే కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలకి తల్లిదండ్రులు మళ్ళీ కొత్తది కొంటారు. మా రోజుల్లో పాత పుస్తకాలకి కోఠీ ఉంది, విజయవాడ లెనిన్ సెంటర్ ఉంది. ఇప్పుడు పిల్లలే ఆన్‌లైన్‌లో సెకండ్‌హ్యాండ్ అంగడి పెడతామంటే సంతోషమే.

కానీ ఆ సైటు కట్టేవాళ్ళకి ఓ తల్లిగా నా మాట. వస్తువు కంటే ముందు మనిషి భద్రత చూడండి. కాలేజీ ఈమెయిల్ ఉన్నవాళ్ళకే ప్రవేశం ఇవ్వండి. ఆడపిల్లల ఫోన్ నంబర్లు బయటికి కనపడకూడదు. బేరమంతా సైటులోనే సాగాలి. వస్తువు చేతులు మారేది పగటిపూట, లైబ్రరీ దగ్గరే అయితే మేలు.

"డబ్బు పంపుతున్నాం, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అనే మోసగాళ్ళు కాచుకుని ఉండేది ఇలాంటి చోట్లే. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదని ప్రతి పేజీలో పెద్దక్షరాలతో రాయండి.

ఇంకొక్కటి. ధర రాసే గడి పక్కన 'ఊరికే ఇస్తాను' అనే గడి కూడా పెట్టండి. అక్క పుస్తకాలతో చెల్లెలూ, ఆ తర్వాత పక్కింటి పిల్లలూ చదువుకున్న ఇళ్ళు మనవి. ఆ అలవాటు ఆన్‌లైన్‌లో మాత్రం ఎందుకు పోవాలి?