బీరువా తాళం

మా మేడ్చల్ చుట్టుపక్కల కొత్తగా లేచిన కాలనీల్లో చాలా ఇళ్ళలో హాలు గోడకు రెండు గడియారాలుంటాయి. ఒకటి మన వేళ చెబుతుంది, రెండోది అమెరికా వేళ. అమ్మాయి డల్లాసులో, అబ్బాయి అట్లాంటాలో. అక్కడ ఏదో బడిలో కాల్పులు జరిగాయని టీవీలో వార్త వస్తే, ఇక్కడ కంచం ముందు కూర్చున్నవాళ్ళకు ముద్ద దిగదు. ముందు ఏ రాష్ట్రమో కనుక్కొంటారు, తరవాత ఏ ఊరో. మన పిల్లలుండే చోటు కాదని తేలాక, "పాపం, ఏ తల్లి కన్న బిడ్డలో" అని మళ్ళీ అన్నం కలుపుకొంటారు. అందులో తప్పేమీ లేదు. కన్నవాళ్ళ ప్రాణం అలాంటిది. కాని ఆ "పాపం" తరవాత మనం చెయ్యగలిగిందేమైనా వున్నదా? ఈ వారం నన్ను పట్టుకొన్న ప్రశ్న అది.

మా వీధిలో ఒకావిడ మనవడు, ఏడేళ్ళవాడు, వేసవి సెలవులకు టెక్సాసు నుంచి వచ్చాడు. ఒక సాయంత్రం వీధి పిల్లలంతా వాళ్ళింట్లో ఆడుకొంటూవుండగా కరెంటు పోయింది. మన పిల్లలు అలవాటుగా "హో" అని కేకలు పెట్టారు. ఈ పిల్లవాడు మాత్రం కిటికీకి కనబడకుండా గోడవార చేరి, మోకాళ్ళమీద తల పెట్టుకొని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. అమ్మమ్మ కొవ్వొత్తి పట్టుకువచ్చి, "ఏమిరా నాన్నా, భయమేసిందా?" అంటే, "ష్! మాట్లాడకూడదు అమ్మమ్మా" అన్నాడు. వాళ్ళ బడిలో అలా నేర్పుతారు. తుపాకీ పట్టుకొని ఎవడైనా వస్తే టీచరు తలుపు గడియ వేసి దీపాలార్పేస్తుంది. పిల్లలు మూలకు చేరి చప్పుడు చెయ్యకూడదు. మనం చిన్నప్పుడు ఎక్కాలు వల్లె వేసినట్టు వాళ్ళు దాన్ని వల్లె వేస్తారు. "చదువుకోమని పంపితే దాక్కోవడం నేర్పుతున్నారమ్మా" అన్నదావిడ నాతో.

ఈ సంగతి మా కాలనీ పార్కులో చర్చకు వచ్చింది. బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకరు, "దానికేముంది? ప్రతి బడికీ తుపాకీ కాపలా పెట్టాలి. మేష్టర్లకు తలా ఒక పిస్తోలు ఇవ్వాలి" అన్నారు. అమెరికాలోనూ ఇలా వాదించేవాళ్ళు లక్షలమంది వున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. పోలీసులు చేరుకొనేలోగా మనల్ని మనమే కాపాడుకోవాలని వాళ్ళ నమ్మకం. పైగా ఆయుధం వుంచుకొనే హక్కు 1791 నుంచి వాళ్ళ రాజ్యాంగంలో రాసివుంది. కాని జరిగినవి చూడండి. 1999 ఏప్రిల్‌లో కొలరాడోలోని కొలంబైన్ హైస్కూలులో పన్నెండుమంది విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు చనిపోయారు. ఆ బడికి తుపాకీ వున్న పోలీసు అధికారి అప్పటికే వున్నాడు. 2022 మేలో టెక్సాసులోని యువాల్డీ ప్రాథమిక పాఠశాలలో పంతొమ్మిదిమంది పసిపిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు; మూడువందలమందికి పైగా పోలీసులు వచ్చికూడా గంటకు పైగా ఆ గదిలోకి అడుగుపెట్టలేదు.

అంతవరకూ మాట్లాడకుండా వింటున్న సుబేదారుగారు అప్పుడు నోరు విప్పారు. బొల్లారం, హకీంపేట దగ్గరే కదా, మా వైపు సైన్యంలో చేసి రిటైరైనవారు చాలామంది. "అయ్యా, ఇరవైయెనిమిదేళ్ళు తుపాకీతో బతికినవాణ్ణి. పటాలంలో ఆయుధాలు దాచే గదిని కోత్ అంటాం. తుపాకీ తీసుకొంటే సంతకం, తిరిగి ఇస్తే సంతకం. కాల్పుల అభ్యాసం అయ్యాక ఖాళీ తూటాలు కూడా లెక్క అప్పగించాలి. ఒకటి తగ్గితే అందరం మైదానమంతా వెతకాలి. శిక్షణ పొందిన సిపాయి చేతిలో వున్నదానికే అంత కాపలా. మీరేమో మేష్టారి బల్ల సొరుగులో పెట్టమంటారు!" అన్నారు. బ్యాంకుగారు నవ్వి వూరుకొన్నారు.

మూడో ఆయన, "అది అమెరికా గోల, మనకెందుకండీ?" అన్నారు. ఈ మాట నాకు నచ్చలేదు. 2007 డిసెంబరులో ఢిల్లీ పక్కన గుర్గాఁవ్‌లో ఒక బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి తోటి విద్యార్థులిద్దరు కాల్చి చంపారు. ఆ పిస్తోలు వాళ్ళలో ఒకడి తండ్రిది. 2018 జనవరిలో హర్యానాలోని యమునానగర్‌లో పన్నెండో తరగతి విద్యార్థి తండ్రి లైసెన్సు రివాల్వరు తెచ్చి ప్రిన్సిపాలును కాల్చాడు, ఆమె మరణించింది. 2024 జూలైలో బీహారులోని సుపౌల్‌లో అయిదేళ్ళ నర్సరీ పిల్లవాడు పుస్తకాల సంచిలో తుపాకీ తెచ్చి మూడో తరగతి పిల్లవాణ్ణి పేల్చాడు. అదృష్టవశాత్తు గుండు చేతికి తగిలి ఆ బిడ్డ బతికాడు. అయిదేళ్ళవాడికి పగేమిటి, ప్రతీకారమేమిటి? అందిన చోట వుంది, తీశాడు. అంతే.

మన చట్టం గట్టిదే. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనిదే తుపాకీ వుంచుకోరాదు. ఇరవైయొక్కేళ్ళు నిండనివారికి ఇవ్వరు. పోలీసులు విచారించి నివేదిక పంపాలి. 2019 సవరణతో మనిషికి రెండు తుపాకులకు మించి వుండకూడదన్నారు. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో సరదాకు పేలిస్తే రెండేళ్ళదాకా జైలు, లేదా లక్ష రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ. ఈ చట్టం వల్లనే మన బడుల్లో ఇలాంటివి అరుదు. చట్టంతో ఏమవుతుందనేవారికి ఇంకో రెండు దేశాల సంగతి చెప్పాలి. 1996 మార్చిలో స్కాట్లాండులోని డన్‌బ్లేన్ బడిలో ఒకడు పదహారుమంది పసివాళ్ళనూ వాళ్ళ టీచరునూ చంపాడు. బ్రిటన్ మరుసటి ఏడాదే చేతితుపాకులు ప్రజల దగ్గర వుండరాదని చట్టం చేసింది. అదే 1996 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని పోర్ట్ ఆర్థర్‌లో ముప్ఫయ్‌అయిదుగురు పోతే, ఆ ప్రభుత్వం సుమారు ఆరున్నర లక్షల తుపాకులను డబ్బిచ్చి కొని నాశనం చేసింది. బ్రిటన్ బడుల్లో డన్‌బ్లేన్ మళ్ళీ జరగలేదు. అమెరికాలో మాత్రం జనంకంటే తుపాకులే ఎక్కువ. అక్కడికి వెళ్ళిన మనవాళ్ళూ దానికి బలి అవుతూనే వున్నారు. 2017లో కాన్సస్ రాష్ట్రంలో హైదరాబాదు నుంచి వెళ్ళిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్ పోయాడు. 2023 మేలో టెక్సాసులోని ఆలెన్‌లో బజారుకు వెళ్ళిన మన తెలుగు అమ్మాయి పోయింది.

అక్కడి చట్టం మార్చడం మన చేతిలో లేదు. కాని ఇంటి చేతిలో వున్నది ఒకటి వుంది. అమెరికా ప్రభుత్వానికి చెందిన సీక్రెట్ సర్వీసు, విద్యాశాఖ కలిసి 1974 నుంచి 2000 దాకా బడుల్లో జరిగిన ముప్ఫయ్‌యేడు దాడులను శోధించాయి. తేలిందేమిటంటే, మూడింట రెండువంతుల దాడుల్లో తుపాకీ వచ్చింది దాడి చేసిన పిల్లవాడి ఇంటినుంచో, బంధువుల ఇంటినుంచో. రెండోది, నూటికి ఎనభై దాడుల్లో ఇలా జరగబోతోందని ముందుగానే కనీసం ఒకరికి తెలుసు. ఆ ఒకరు చాలాసార్లు తోటి పిల్లలే.

ఈ రెండూ కళ్ళకు కట్టిన కథ మిషిగన్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూలుది. 2021 నవంబరులో ఒక తండ్రి పదిహేనేళ్ళ కొడుక్కోసం పిస్తోలు కొన్నాడు. నాలుగు రోజులకు, తరగతిలో ఆ పిల్లవాడు తుపాకీ బొమ్మ వేసి, బాధతో ఏవో మాటలు రాసుకోగా టీచరు చూసింది. తల్లిదండ్రులను పిలిపించారు. వాళ్ళు కొడుకును ఇంటికి తీసుకుపోలేదు. ఎవరూ సంచి తెరిచి చూడలేదు. ఆ మధ్యాహ్నమే జరిగిన కాల్పులకు నలుగురు విద్యార్థులు బలయ్యారు. 2024లో కోర్టు ఆ తల్లికీ తండ్రికీ చెరి పదినుంచి పదిహేనేళ్ళ జైలు వేసింది.

కనుక మనం చేసుకోగలవి మూడు చెబుతాను.

మొదటిది, అడగడం. అక్కడ మనవణ్ణి స్నేహితుడి ఇంటికి ఆటకు పంపేటప్పుడు, "మా వాడికి వేరుశనగ పడదు", "మీ ఇంట్లో కుక్క వుందా?" అని అమ్మాయిలు అడుగుతూనేవున్నారు. దానితోపాటే, "మీ ఇంట్లో తుపాకీ వుంటే తాళంలో వున్నదా?" అని కూడా అడగమనండి. వున్నదా లేదా అన్నది వాళ్ళ ఇష్టం. తాళంలో వున్నదా అన్నది మన బిడ్డ సంగతి. ఇదేమంత అమర్యాద కాదు. అడిగినందుకు చెడే స్నేహం చెడనివ్వండి.

రెండోది, మన ఇంటి సంగతి. లైసెన్సు తుపాకీ వున్న కుటుంబాలు మనలోనూ వున్నాయి. బట్టల మధ్య దాచడం దాచినట్టు కాదు; అమ్మ దాచిన జంతికల డబ్బా ఎక్కడుందో పిల్లలకు తెలియదనుకొంటున్నారా? తుపాకీ ఒకచోట, తూటాలు ఇంకోచోట, రెంటికీ తాళం, తాళంచెవి యజమాని దగ్గరే వుండాలి. ఎయిర్‌గన్నును బొమ్మగా చూడటం కూడా మానాలి. తక్కువ శక్తివాటికి లైసెన్సు అక్కరలేదు కనుక, శామీర్‌పేట వైపు తోటల్లో కోతులను తోలడానికని కొని పిల్లల చేతికిస్తున్నారు. 2023 జూలైలో ఆ శామీర్‌పేటలోనే ఒక విల్లాలో కుటుంబ తగాదా ముదిరి ఎయిర్‌గన్ పేలి, పోలీసులదాకా వెళ్ళింది. దాని గుండు తగిలితే కన్ను పోతుంది.

మూడోది అన్నిటికన్నా కష్టం. మన ఇళ్ళలో పిల్లలు తోటివాళ్ళ సంగతి చెప్పబోతే, "చాడీలు చెప్పకు" అని కసురుకొంటాం. నా పెన్సిలు తీశాడు, నన్ను వెక్కిరించాడు అన్నవాటికి ఆ కసురు చాలు. కాని "చంపుతానన్నాడు", "చచ్చిపోతానన్నాడు", "వాళ్ళ నాన్న తుపాకీ తెస్తానన్నాడు" అన్నవి చాడీలు కావు. ఆ తేడా పిల్లలకు నేర్పాలి. నేర్పడమంటే ఉపన్యాసం కాదు. చెప్పినప్పుడు చేతిలో గరిటె పక్కన పెట్టి వినడం, విన్నాక బడికి వెళ్ళి చెప్పడం. చెప్పినవాడి పేరు బయటపెట్టకుండా చూడటం టీచర్ల బాధ్యత. ఆ బెదిరించిన పిల్లవాడూ ఎవరో కన్నబిడ్డే. వాణ్ణి వెంటనే బడినుంచి వెళ్ళగొడితే కోపం ఇంకా పెరుగుతుంది. దగ్గర కూర్చోబెట్టి ఏమైందని అడిగే పెద్దవాళ్ళు కావాలి.

ఎదుటివారి మనసు నొవ్వకుండా తుపాకీ సంగతి అడిగే తీరు మీలో ఎవరికైనా తోస్తే రాయండి. అమెరికా ప్రయాణం కట్టే అమ్మమ్మలకూ నాయనమ్మలకూ ఆవకాయ జాడీకంటే ముందు ఆ మాట అవసరం.