పచ్చళ్ల సైటు తెల్లబోయిన రోజు

రాజమండ్రిలో మా బావమరిదికి పచ్చళ్ల వ్యాపారం. దుకాణం చిన్నదే కానీ సరుకులో సగం వెబ్‌సైటు మీదే పోతుంది. వేసవిలో, సరిగ్గా కొత్త ఆవకాయ జాడీలకెత్తే రోజుల్లో, రాత్రి పదింటికి ఫోన్ చేశాడు. ''బావా, సైటు తెల్లబోయింది!''

నిజంగానే తెల్లబోయింది. అడ్రసు కొడితే ఖాళీ తెల్ల పేజీ. ఏం చేశావురా అంటే, ''హోస్టింగ్ వాళ్లు పీహెచ్‌పీ పాతబడింది, మార్చుకోండని ఆర్నెల్లుగా మెయిళ్లు పెడుతున్నారు. ఇవాళ మార్చేశా. ఒక్క బటనే కదా!'' అన్నాడు.

పీహెచ్‌పీ అంటే సర్వర్లో కూర్చున్న వంటమనిషి అనుకోండి. ఆర్డరు తీసుకుని, డేటాబేసులోంచి సరుకు వివరాలు తెచ్చి, పేజీ వండి మీ ముందు పెడుతుంది. మావాడి సైటు 2014లో కట్టించింది. డేటాబేసుతో మాట్లాడటానికి అప్పట్లో చాలామంది వాడిన పాత ఆదేశాలను 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7లో పూర్తిగా ఎత్తేశారు. 5.6 మీద నడుస్తున్న సైటును ఒక్క నొక్కుతో 8కి తీసుకెళ్తే కొత్త వంటమనిషికి పాత భాష అర్థం కాలేదు. కట్టిన కుర్రాడేమో ఎప్పుడో బెంగళూరు వెళ్లిపోయాడు.

అదృష్టం కొద్దీ కంట్రోల్ ప్యానెల్ జాబితాలో పాత వెర్షన్ ఇంకా ఉంది. వెనక్కి మార్చగానే సైటు లేచి కూర్చుంది. ''ఇక ముట్టుకోవద్దులే బావా, నడుస్తోందిగా!'' అన్నాడు.

అక్కడే వచ్చింది చిక్కు. పీహెచ్‌పీ 5.6కి భద్రతా సవరణలు 2018 డిసెంబరు 31తో, 7.4కి 2022 నవంబరుతో ఆగిపోయాయి. ఆ తర్వాత బయటపడిన లోపాలను తయారుచేసినవాళ్లు పూడ్చరు. నా పచ్చళ్ల కొట్టు ఎవడిక్కావాలి అంటారా? దొంగలు పేరు చూసి రారు. వాళ్ల ప్రోగ్రాములు ఇంటర్నెట్టంతా గాలిస్తూ, ఏ తలుపుకి పాత తాళం ఉందో చూసుకుంటూ పోతాయి. అమెరికాలో ఈక్విఫాక్స్ అనే పెద్ద కంపెనీ సంగతే తీసుకోండి. అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్ లోపానికి 2017 మార్చిలోనే మందు వచ్చింది. వీళ్లు వేసుకోలేదు. మేలో దొంగలు దూరారు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. మావాడి దగ్గరున్నవి కొన్ని వేల చిరునామాలే, కానీ నమ్మి ఇచ్చినవాళ్లవి.

సరే, ఈసారి పద్ధతిగా మొదలుపెట్టాం. ముందు బ్యాకప్. సైటు ఫైళ్లు వేరు, డేటాబేసు వేరు. రెండూ తీయాలి. చాలామంది ఫైళ్లు కాపీ చేసుకుని డేటాబేసు మరిచిపోతారు. అసలు ఆర్డర్లన్నీ ఉండేది అందులోనే. తీసినవాటిని అదే సర్వర్లో ఉంచితే ఇల్లు కాలితే బీరువా కూడా కాలినట్టే. సొంత కంప్యూటర్లోకి దించుకోవాలి.

ఆ బ్యాకప్‌తోనే పక్కన పాస్‌వర్డ్ పెట్టి ఒక నకలు సైటు నిలబెట్టాం. బ్యాకప్ పనికొస్తుందో లేదో కూడా అక్కడే తేలిపోతుంది. పీహెచ్‌పీని నకలు మీద మార్చి, ఎర్రర్ లాగ్ చూస్తూ ఒక్కో తప్పూ దిద్దించాం. ఇలా ప్రత్యేకంగా రాయించుకున్న సైటుకి ప్రోగ్రామరు తప్పదు. వర్డ్‌ప్రెస్ వాళ్లకి ఇంత బాధ ఉండదు. వర్డ్‌ప్రెస్‌నీ, ప్లగిన్లనీ, థీమ్‌నీ ముందు కొత్తవి చేసుకుని, ఆ తర్వాత పీహెచ్‌పీ జోలికి వెళితే చాలావరకు సాఫీగా జరిగిపోతుంది. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని ప్లగిన్లే మొండికేస్తాయి.

మన తెలుగువాళ్లకి ఇంకో గండం ఉంది. నకలు సైట్లో 'మాగాయ', 'గోంగూర' అని ఉండాల్సిన చోట టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు వరసగా నిలబడ్డాయి. పాత ప్రోగ్రామూ డేటాబేసూ తెలుగు అక్షరాలను 'లాటిన్' అని ఒకదానికొకటి తప్పుగా చెప్పుకుని, పదేళ్లు సర్దుకుపోయాయి. కొత్త కనెక్షన్ యూటీఎఫ్-8 అని నిజం చెప్పేసరికి బండారం బయటపడింది. ఇలా వంకరగా కనిపించేవి తిరిగి సరిచేయొచ్చు. అక్షరాలు ప్రశ్నార్థకాలుగా మారి డేటాబేసులో సేవ్ అయిపోతే మాత్రం బ్యాకప్పే దిక్కు. నకలు మీద చూసుకోబట్టి బతికాం.

ఇక అసలు సైటు మార్చే ముహూర్తం. అర్ధరాత్రి అయితే ఎవరూ ఉండరనుకున్నాం. కానీ మావాడి ఆర్డర్లు చాలావరకు అమెరికా నుంచి. మనకి అర్ధరాత్రంటే వాళ్లకి పట్టపగలు! చివరికి మధ్యాహ్నం రెండు గంటలు ఖాయం చేశాం. డల్లాస్‌లో అప్పుడు తెల్లవారుజాము, ఇక్కడ భోజనాల వేళ. ఆర్డర్లు తీసుకోవడం ఆపి, మళ్లీ తాజా బ్యాకప్ తీశాకే మార్చాం. ఎందుకంటే తర్వాత తేడా వచ్చి నిన్నటి డేటాబేసు తెచ్చిపెడితే, ఈ మధ్యలో వచ్చిన ఆర్డర్లు గల్లంతవుతాయి. సైటు తెరిచాక మావాడే పావుకిలో నిమ్మకాయ ఆర్డరిచ్చి, డబ్బు కట్టి, రసీదు వచ్చేదాకా చూశాడు.

సొంతంగా సర్వరు అద్దెకు తీసుకున్నవాళ్లు కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టం కూడా చూసుకోవాలి. సెంటాస్ 7కి 2024 జూన్ 30తో కాలం చెల్లింది. దాన్ని ఉన్నచోటే మార్చబోయే కంటే కొత్త సర్వరు తీసుకుని అందులోకి కాపురం మార్చడమే మేలని నా అభిప్రాయం. పాతదాన్ని ఓ వారం అలాగే ఉంచుకుంటే, తేడా వస్తే వెనక్కి రావచ్చు.

అన్నట్టు, ఒకటి చెప్పడం మరిచా. నకలు సైటు నిలబెట్టినప్పుడు దాంట్లో మెయిళ్లు ఆపెయ్యాలి. మేం ఆపలేదు. పరీక్ష కోసం ఒక పాత ఆర్డరు మీద 'పంపించాం' అని నొక్కేసరికి డల్లాస్‌లో ఒకాయనకి మీ పార్శిల్ బయలుదేరిందని ఉత్తరం వెళ్లింది. వారం ఆగి, ఇంకా రాలేదేమిటని ఆయన ఫోన్. మావాడు అరకిలో గోంగూర పంపించి ఊపిరి పీల్చుకున్నాడు.